కొస లేని గీత

మా ఆయనకు సిగరెట్ అలవాటు లేదు, పేకాట లేదు, వేళాపాళా లేకుండా స్నేహితులను భోజనానికి లాక్కొచ్చే గుణం కూడా లేదు. ఇన్ని లేని మనిషితో కాపురం హాయిగా సాగిపోతూ ఉంటుందని మా పుట్టింటివాళ్ళు ఇప్పటికీ నమ్ముతున్నారు. ఆయనకున్న జబ్బు ఒక్కటే. తన మనసులో ఉన్నది ఎదుటివాళ్ళ మనసులో కూడా ఉండి తీరుతుందని అనుకోవడం. "ఆ డబ్బా అక్కడ పెట్టు" అంటారు. ఏ డబ్బా, ఎక్కడ అని అడిగితే, ఇంతకాలం కాపురం చేసి ఇదీ తెలియదా అన్నట్టు చూస్తారు. బజారు నుంచి "అది" తెమ్మన్నప్పుడు నేను వేరే "అది" తెచ్చానని మూతి ముడుచుకుని మజ్జిగన్నంతో సరిపెట్టుకున్న రోజులున్నాయి.

ఇంట్లో అయితే డబ్బాతో పోతుంది. కానీ ఆయన చేసే పని పియానోకి సంగీతం రాయడం. అంటే తను పక్కన లేనప్పుడు కూడా వాయించేవాళ్ళకు అర్థమయ్యేలా కాగితం మీద పెట్టడం. ఎవరికి ఏ పని అప్పగించాలో చూసుకోకుండానే దేవుడు పంచేస్తాడేమోనని నా అనుమానం.

ఆయన పెన్సిలుతో గీస్తారు. నేను కూరలు తరిగిన బల్ల తుడుచుకుని, దాని మీదే కంప్యూటర్ పెట్టుకుని, ఆ గీతలన్నీ శుభ్రంగా ఎక్కిస్తాను. జీతం లేదు, ఇంక్రిమెంటు లేదు, తప్పొస్తే మాత్రం నాదే.

ఈమధ్య ఆయన పియానోకీ, వయొలిన్ల బృందానికీ కలిపి ఒక రచన చేశారు. అందులో ఒకచోట గ్లిసాండో వస్తుంది. వేలిగోరుతో పియానో కీల మీద ఒక్క ఊపున రాసుకుంటూ పోతే స్వరాలన్నీ గలగలా దొర్లుకుంటూ వస్తాయే, అది. మా ఇంట్లో దాన్ని "జారుడు" అంటాం. ఆ జారుడు ముగిసిన మరుక్షణం వయొలిన్లన్నీ ఒక్కసారిగా అందుకోవాలి. రచన మొత్తానికీ ప్రాణం అక్కడే ఉంది.

దాన్ని ఆయన ఎలా రాశారంటే, నాలుగు బీట్లు, అంటే నాలుగు తాళం దెబ్బల సేపు, నిలిచే ఒక నోట్ పెట్టారు. దాని పక్కనుంచి ఏటవాలుగా పైకి ఒక గీత గీశారు. ఆ గీత పోయి పోయి గాల్లో ఆగిపోయింది. కొసన నోట్ లేదు.

"ఏమండీ, ఇది ఎక్కడిదాకా పోవాలి?" అని అడిగాను.

"పైకి."

"పైకంటే? మేడమీదికా?"

"వాయించేవాళ్ళకు తెలుస్తుందిలే, నువ్వు ఎక్కించు."

నేను ఊరుకున్నా కంప్యూటర్ ఊరుకోలేదు. గీతకు రెండో చివర ఎక్కడో చెబితే తప్ప గియ్యనని మొరాయించింది. ఆ సంగతే చెప్పాను.

"దానికి సంగీతం తెలియదు" అన్నారు.

"నాకూ తెలియదుగా."

"అందుకే మీ ఇద్దరికీ అంత బాగా కుదిరింది. ఏదో ఒక నోట్ పెట్టి కనిపించకుండా దాచెయ్. ఊరికే పేజీ నిండా చెత్త ఎందుకు?"

పెట్టాను, దాచాను. ఆ నోట్ ఫైలులో ఉంది, కాగితం మీద కనబడదు. అచ్చం మా ఆయన మనసులో మాటలాగే.

ఆ పేజీ వాయించాల్సింది ఆయన చెల్లెలు చిట్టి. నాకు ఆడపడుచు. ఇన్నాళ్ళూ ఒక డాన్స్ స్కూల్లో, పిల్లలు కాళ్ళెత్తి దించుతుంటే, గోడ వైపు తిరిగి కూర్చుని అవే పాఠాలు వాయించింది. ఊళ్ళో ఆర్కెస్ట్రాలో పియానో కుర్చీ ఖాళీ అయింది. ఈ రచన కచేరీలో సరిగ్గా వాయిస్తే ఆ కుర్చీ ఆమెది. లేదంటే మళ్ళీ గోడ, మళ్ళీ కాళ్ళు. వారం నుంచీ చిట్టికి అన్నం సహించడం లేదు.

ఆమె పక్కన కూర్చుని పేజీలు తిప్పే పని నాది. పేజీలు తిప్పే మనిషి స్టేజీ మీద ఉన్నా లేనట్టే. మాట్లాడకూడదు, దగ్గకూడదు, మొహంలో ఏ భావమూ కనబడకూడదు. నన్ను ఎంచుకోవడంలో మా ఆయనకు వేరే ఉద్దేశాలేమైనా ఉన్నాయేమో నేను అడగలేదు.

కచేరీ రోజు పొద్దున రిహార్సల్. కండక్టరు గారు ముందు నిలబడ్డారు. టికెట్లు కొట్టే కండక్టరు కాదు, చేతిలో సన్నటి పుల్లతో ఆర్కెస్ట్రాను నడిపించే ఆయన. అయినా ఎవరు ఎప్పుడు ఎక్కాలో, ఎప్పుడు దిగాలో చెప్పడమే ఈయన పనీను. హాల్లో మూడో వరసలో మా ఆయన. ఆయనకు కాస్త ఎడంగా ఇంకో పియానిస్టు, ఒడిలో అదే పేజీల ప్రతితో. ఎప్పుడు చూసినా బుగ్గలో పిప్పరమెంటు బిళ్ళ ఉంటుంది కాబట్టి అందరూ ఆయన్ని పిప్పరమెంటు గారనే అంటారు. అవసరమైతే ఉంటారని కండక్టరు గారు ముందుజాగ్రత్తగా పిలిపించారు. ఆ అవసరం ఏమిటో చిట్టికి తెలుసు. ఆమె ఆ వైపు చూడటం లేదు.

మొదటి రెండు పేజీలూ సాఫీగా జరిగిపోయాయి. మూడోది తిప్పాను. జారుడు వచ్చింది.

చిట్టి నోట్ కొట్టిన వెంటనే జారడం మొదలుపెట్టింది. నాలుగు బీట్లకూ సరిపడేలా నింపాదిగా, ఒక్కో కీ వినబడేలా. వయొలిన్లవాళ్ళు కమానులెత్తి అయోమయంగా చూశారు. కొందరు అందుకున్నారు, కొందరు అందుకోలేదు.

పుల్ల టకటకమంది. "ఏమిటమ్మా అది? జారమంటే పాకుతున్నావు?"

"గీత నోట్ దగ్గరే మొదలైందండీ" అంది చిట్టి.

మూడో వరసలోంచి మా ఆయన గొంతు. "మూడు బీట్లు ఆగాలి చిట్టీ. నాలుగో బీట్‌లో జారాలి. మామూలేగా!"

చిట్టి పెన్సిలుతో గుర్తు పెట్టుకుంది. మళ్ళీ. ఈసారి మూడు బీట్లు ఆగింది. నాలుగో బీట్‌లో వేలు వెల్లకిలా తిప్పి, నల్ల కీల మీద సర్రున లాగింది. తెల్ల కీలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, గోరు జారిపోతుంది. నల్లవాటి మధ్య సందులుంటాయి. ఆ వేగంలో ఒక్కో సందు దగ్గరా గోరు పక్కన చర్మం తగులుకుంటుంది. పక్కనే ఉన్న నాకు పళ్ళు జివ్వుమన్నాయి.

"నల్లవి కాదు, తెల్లవి!" మా ఆయన లేచి నిలబడ్డారు. "తెల్ల కీ మీద మొదలుపెట్టి నల్లవాటి మీదికెందుకు ఎక్కావు?"

"లైను మొదట్లో ఐదు స్వరాలను అర మెట్టు దించమని ఐదు ఫ్లాట్ గుర్తులు పెట్టావు కదా అన్నయ్యా. ఐదూ నల్లవేగా."

"ఫ్లాట్లుంటే మాత్రం? జారుడంటే తెల్లవాటి మీదే. ఎవరినైనా అడుగు."

మూడోసారి. నాలుగో బీట్, తెల్ల కీలు. అంతా సరిగ్గానే మొదలైంది. కానీ గీతకు కొస లేదు కదా, చిట్టి కూడా ఆగలేదు. పియానో చివరి కీ దాకా పోయింది. ఆమె ఇంకా దారిలో ఉండగానే వయొలిన్లు అందుకున్నాయి. సంతకు బయల్దేరిన బండిని ఎవరో వెనకనుంచి గుద్దినట్టు వినబడింది. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు పక్కవాళ్ళకు అంటుకుంది.

"రెండు ఆక్టేవులు చాలు చిట్టీ" అన్నారు మా ఆయన, అంటే రెండు స్థాయిలు. "అదీ చెప్పాలా?"

కండక్టరు గారు పుల్ల కింద పెట్టేశారు. అదే నాకు నచ్చలేదు. ఆయన మా ఆయన వైపు తిరిగి చాలా మర్యాదగా అడిగారు. "ఏమండీ, పేజీలో తేడా ఏమైనా ఉందా? ఉంటే ఇప్పుడే చెప్పండి."

 మా ఆయన చేతిలో పేజీ వైపు చూశారు. చెల్లెలి వైపు చూశారు. వరసగా కూర్చున్న వయొలిన్లవాళ్ళ వైపు చూశారు. నేను మొహంలో ఏ భావమూ లేకుండా ఆయన్ని చూశాను.

"పేజీలో ఏం లేదండీ" అన్నారు. "అలవాటున్నవాళ్ళకు అర్థమవుతుంది."

చిట్టి కుడిచెయ్యి నెమ్మదిగా ఒళ్ళోకి దించుకుంది. తెల్ల కీల మీద చిన్న ఎర్రటి గీత. దానికి మాత్రం కొస స్పష్టంగా ఉంది.

"భోజనాలయ్యాక పిప్పరమెంటు గారు కూడా ఆ పేజీ వాయిస్తారు" అన్నారు కండక్టరు గారు. "ఎవరికి కుదిరితే సాయంత్రం వాళ్ళు."

స్టేజీ వెనక గదిలో ఒక సింకు, ముందు చెక్క ఊడిపోయిన పాత పియానో, బట్టలు తగిలించుకునే కొక్కేలు ఉన్నాయి. చిట్టి చెయ్యి కుళాయి కింద పెట్టి నిలబడింది. మధ్యవేలి గోరు పక్కన చర్మం లేచిపోయింది.

"ప్లాస్టర్ వేస్తాను, ఇటు పెట్టు."

"వద్దు వదినా. ప్లాస్టరుంటే కీ మీద పట్టేస్తుంది, జారదు." కుళాయి కట్టేసింది. "నాకు చదవడం రాకుండా పోయిందా వదినా? నిజం చెప్పు. ఇన్నేళ్ళు ఆ పాఠాలే వాయించి వాయించి..."

"చదవడానికి అక్కడేముందే? నేనేగా ఎక్కించింది."

"అన్నయ్య మామూలేగా అన్నాడు. అందరూ నవ్వారు."

"మీ అన్నయ్య ఇంట్లో రోజూ అంటారు మామూలేగా అని. నేను రోజూ నవ్వుతాను. వెళ్ళి రెండు ముద్దలు తిను, పో."

ఆమె వెళ్ళింది. మా ఆయన వచ్చారు. నాకు కాస్త దూరంగా, కొక్కేల పక్కన నిలబడ్డారు.

"చిట్టి కంగారుపడుతోంది. అందుకే కుదరడం లేదు" అన్నారు.

 ఒక ఖాళీ సంగీతం కాగితం తీసి, ఐదు ఫ్లాట్లు వేసి, నాలుగు బీట్ల నోట్ ఒకటి పెట్టి, పక్కనుంచి పైకి ఒక గీత గీశాను. పాత పియానో మీద పెట్టాను.

"ఇది వాయించండి."

"ఇప్పుడా?"

"సరదాకి. నేనూ ఒకటి రాద్దామనుకున్నాను."

ఆయన నిలబడే వాయించారు. మూడు బీట్లు ఆగి, నాలుగో బీట్‌లో, తెల్ల కీల మీద, రెండు ఆక్టేవులు.

"తప్పు" అన్నాను.

"తప్పేమిటి?"

"నోట్ కొట్టగానే మొదలుపెట్టాలి. నల్లవాటి మీద. చివరి కీ దాకా."

"నువ్వు అలా రాయలేదుగా! రాయకపోతే నాకెలా తెలు..."

అక్కడ ఆగిపోయారు. ఆయన నోరు ఇంకా కొంచెం తెరిచే ఉంది. నా సంసార జీవితంలో అంత తృప్తినిచ్చిన దృశ్యాలు ఎక్కువ లేవు. కానీ గది బయట చిట్టి నీళ్ళగ్లాసు పట్టుకుని గోడకానుకుని నిలబడి ఉండటం తలుపు సందులోంచి కనిపిస్తోంది. తృప్తి ఎంతోసేపు నిలవలేదు.

"నాన్నగారు అలాగే రాసేవారు" అన్నారు చివరికి. "వట్టి గీత. మేమంతా వాయించేవాళ్ళం."

"మామయ్యగారు రాసి, పక్కనే నిలబడి చెప్పేవారు కూడా. ఇక్కడ ఆగరా, ఇక్కడ జారరా అని. మీరు గీత చదవలేదు, ఆయన్ని చదివారు."

"చిట్టి కూడా ఆ ఇంట్లోనే పెరిగిందిగా."

"తండ్రీకూతుళ్ళకు పడదని చిట్టిని ఇంకో టీచరు దగ్గరికి పంపారని మీరే చెప్పారు. ఆ పిల్ల కాగితం మీద ఉన్నదే చదవడం నేర్చుకుంది."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. జేబులోంచి పెన్సిల్ తీశారు. నేను కొత్త కాగితం ముందు పెట్టి, కంప్యూటర్‌లాగా నిలబడ్డాను.

"ఎప్పుడు మొదలవ్వాలి?"

నాలుగు బీట్ల నోట్‌ను విడగొట్టారు. మూడు బీట్లది ఒకటి, దానికి వంపు గీతతో కట్టిన ఒక బీట్‌ది ఇంకొకటి. గీత రెండోదాని దగ్గర మొదలుపెట్టారు.

"ఏ కీల మీద?"

గీత పైన "తెల్ల కీలు" అని రాశారు.

"ఎక్కడిదాకా?"

గీత కొసన, ఆ నాలుగు బీట్లూ అయ్యాక వచ్చే మొదటి బీట్ మీద, ఒక నోట్ పెట్టారు. నల్లగా, గుండ్రంగా, పేజీ నిండా కనబడేలా. అది నేను దాచిన నోట్ కాదు. నేను ఊరికే ఏదో పెట్టాను, ఆయన చూడను కూడా లేదు.

"ఆ చివరి నోట్ గట్టిగా కొట్టాలా, ఊరికే తాకి వదిలెయ్యాలా?"

ఆయన తలెత్తి చూశారు. ఇది ఆయనకు కూడా తట్టలేదు. "కొట్టాలి. అది వినబడితేనే కదా వయొలిన్లు అందుకునేది." నోట్ మీద కొట్టమని చిన్న గుర్తు పెట్టారు.

కాగితం నా చేతికిచ్చి గొంతు తగ్గించారు. "ఇది చిట్టి స్టాండ్ మీద పెట్టెయ్. ఎవరితోనూ అనకు."

"పొద్దున అన్న మాట?"

"ఏ మాట?"

"అలవాటున్నవాళ్ళకు అర్థమవుతుందన్న మాట."

ఆయన పెన్సిల్ జేబులో పెట్టుకోవడానికి చాలాసేపు తీసుకున్నారు. "అందరి ముందూ నా పేజీ తప్పని చెబితే, రేపు నేను రాసింది ఎవరైనా నమ్ముతారా? చిట్టి బాగా వాయిస్తే సరిపోతుందిగా. కుర్చీ వస్తుందిగా."

నేను పేజీలు తిప్పే మనిషిని. కాగితం తీసుకుని వెళ్ళిపోయాను.

మధ్యాహ్నం పిప్పరమెంటు గారు ముందు కూర్చున్నారు. ఆయన దగ్గరున్నది పాత పేజీయే. పొద్దున చిట్టికి చెప్పినవన్నీ విన్నారు కాబట్టి మూడు బీట్లు ఆగారు, తెల్ల కీలే తీసుకున్నారు, రెండు ఆక్టేవులే పోయారు. పోయి, చివర ఏమీ కొట్టకుండా అందంగా చెయ్యి గాల్లోకి లేపేశారు. వయొలిన్లవాళ్ళు జారుడు ఎక్కడ ముగిసిందో తెలియక చూస్తూ కూర్చుండిపోయారు. ఎవరూ అందుకోలేదు.

"చివర కొట్టాలండీ" అన్నారు కండక్టరు గారు.

"కొట్టాలా?" పిప్పరమెంటు గారు పేజీని కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నారు. "కనబడలేదండీ. సరే, గుర్తు పెట్టుకుంటాను."

తర్వాత చిట్టి. నేను కొత్త పేజీ స్టాండ్ మీద పెట్టాను. చిట్టి దాన్ని చూసింది, నన్ను చూసింది.  మధ్యవేలు మడిచి చూపుడువేలు సిద్ధం చేసుకుంది. 

నోట్. ఒకటి, రెండు, మూడు. జారుడు తెల్ల కీల మీద సర్రుమని లేచి ఠంగుమని పైన తగిలింది. ఆ దెబ్బ మీదే వయొలిన్లన్నీ ఒక్క గొంతుతో అందుకున్నాయి.  మా ఆయన ఎంత చెడ్డగా రాస్తారో అంత మంచి సంగీతం చేస్తారు, అదే నా ఖర్మ.

పుల్ల ఆగింది.  చిట్టి మొహంలోకి పొద్దుటినుంచి లేని రంగు వస్తోంది.

"బాగుంది" అన్నారు కండక్టరు గారు. "ఇప్పుడు బాగుంది. పొద్దున మూడుసార్లు మూడు రకాలుగా వచ్చింది. సాయంత్రం ఏ రకం వస్తుందో నాకేం తెలుసు? పిప్పరమెంటు గారికి తేడా ఒక్కటే వచ్చింది, చెప్పగానే పట్టుకున్నారు. ఏమనుకోకమ్మా. సాయంత్రం ఆయన కూర్చుంటారు."

చిట్టి ఒక్క మాట అంటే సరిపోయేది. ఇది వేరే పేజీ అని. ఆమె మూడో వరస వైపు చూసింది. అక్కడ అన్నయ్య తల వంచుకుని చేతుల వైపు చూసుకుంటున్నాడు. ఆమె చూపు తిప్పుకుంది. పియానో మీద ఉన్న తన జేబురుమాలు తీసుకుని వేలికి చుట్టుకుంది. పేజీలు సర్దడం మొదలుపెట్టింది.

నా పని పేజీలు తిప్పడం. ఆమె చేతిలోంచి పాత పేజీ, కొత్త పేజీ రెండూ తీసుకున్నాను. స్టేజీ మెట్లు దిగాను. చెప్పుల చప్పుడు హాలంతా వినబడింది. మూడో వరసలోకి వెళ్ళి మా ఆయన ఒళ్ళో రెండు కాగితాలూ పక్కపక్కన పరిచాను. ఏమీ మాట్లాడలేదు. రూలు రూలే.

ఆయన వాటి వైపు చూస్తూ కూర్చున్నారు. కండక్టరు గారు పుల్ల ఎత్తబోతున్నారు. పిప్పరమెంటు గారు స్టేజీ మెట్ల దగ్గరికి చేరుకున్నారు. చిట్టి కుర్చీలోంచి లేచింది.

"ఆగండి" అన్నారు మా ఆయన.

లేచారు. రెండు కాగితాలూ పట్టుకుని స్టేజీ దగ్గరికి నడిచారు. నేను ఆయన పక్క కుర్చీలో కూర్చుండిపోయాను. కాగితాలు కండక్టరు గారికి అందించి, చాలా చిన్న గొంతుతో ఏదో అన్నారు. కండక్టరు గారు పాతది చూశారు. కొత్తది చూశారు. మళ్ళీ పాతది.

"దీనికి కొసేదండీ?" అన్నారు.

"లేదండీ."

"నేనూ వెతికాను" అన్నారు మెట్ల మీదనుంచి పిప్పరమెంటు గారు. "నాకూ దొరకలేదు." అని వెనక్కి తిరిగి తన కుర్చీలో కూర్చుని, కొత్త బిళ్ళ విప్పుకున్నారు.

కండక్టరు గారు చిట్టి వైపు తిరిగారు. "కూర్చో అమ్మా. సాయంత్రం నువ్వే." ఆమె కూర్చుని వేలికి చుట్టుకున్న జేబురుమాలు విప్పింది. మా ఆయన గబగబా తన సీటు వైపు తిరిగారు.

"మీరెక్కడికి?" అన్నారు కండక్టరు గారు. "నాకొక్కడికే చెబితే ఎలా? పొద్దున ఆ అమ్మాయిని చూసి నవ్వింది నేను కాదు. వాళ్ళు. వాళ్ళకు చెప్పండి."

మా ఆయన ఆగారు. నా వైపు చూశారు. "ఆ డబ్బా అక్కడ పెట్టు" అన్నప్పుడు ఎలా చూస్తారో అలాగే, నాకు తెలిసిపోతుందని, నేనే చెప్పేస్తానని. నేను కుర్చీలో సర్దుకుని కూర్చుని, పేజీలు తిప్పే మనిషి మొహం పెట్టుకున్నాను.

ఆయన ఆర్కెస్ట్రా వైపు తిరిగారు. 

"పొద్దున మూడుసార్లూ చిట్టి చదివింది కరెక్టే" అన్నారు. చివరి వరసకు కూడా వినబడింది. "రాసింది నేను. తప్పు నాది."